మాయమైన గాయని అనే కట్టుకథ

ఇటలీ పాప్ సంగీతం గురించి ఎవరు రాసినా, గాయని మీనా దగ్గరికి వచ్చేసరికి ఒకటే పల్లవి. 1978లో ఆమె మాయమైపోయిందట, ఆ మాయమవడమే ఆమెను దేవతను చేసిందట. కీర్తి శిఖరాన ఉండగా ఒక వేసవి రాత్రి పాట ముగించి తెర వెనక్కి వెళ్లిన మనిషి మళ్లీ జనానికి కనిపించలేదని, స్విట్జర్లాండ్‌లోని లుగానోలో తలుపులు మూసుకుందని, ఆ మూసిన తలుపుల వెనక ఏముందో తెలియకపోవడమే ఆమె మహిమకు మూలమని చెబుతారు. కథ బాగుంది. ఎవరైనా సినిమా తీసినా ఆడుతుంది. చిక్కల్లా ఒక్కటే, అది మీనా కథ కాదు.

ఈ వాదాన్ని ఖండించే ముందు దాని బలం దానికి ఇవ్వాలి. 1978 ఆగస్టు 23న తోస్కానా తీరంలోని బూస్సొలాదొమాని వేదిక మీద ఆమె చివరి కచేరీ ఇచ్చిన మాట నిజం. ఆ తర్వాత ప్రేక్షకుల ముందు నిలబడి పాడలేదు. టీవీ స్టూడియోలో కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వలేదు. అవార్డుల వేడుకలకు రాలేదు. 1989లో స్విస్ పౌరసత్వం తీసుకుంది. ఇంతవరకు ఎవరూ కాదనరు. ఈ నిజాల మీద జనం మూడు అంతస్తుల మేడ కట్టారు. మొదటి అంతస్తు: ఆమె గొప్పదనం ఆ అజ్ఞాతం వల్ల వచ్చింది. రెండోది: అపవాదులు, విషాదాలు తట్టుకోలేక పారిపోయింది. మూడోది: ఆ తర్వాత చేసినదంతా ఒక జ్ఞాపకానికి కొనసాగింపే తప్ప కొత్తగా ఏమీ లేదు. మూడూ నిలవవు.

మొదటిదాన్ని కూల్చడానికి తారీఖులు చాలు. మీనాగా పేరుపడ్డ అన్నా మరియా మాత్సీని 1940 మార్చి 25న బూస్తో అర్సీత్సియోలో పుట్టి, క్రెమోనాలో పెరిగింది. 1958 వేసవిలో ఇంటివాళ్లతో సముద్రతీరానికి సెలవులకు వెళ్లి, లా బూస్సొలా అనే క్లబ్బులో సరదాకి వేదికెక్కి పాడింది. మరుసటి ఏడాదికే 'తింతరెల్లా ది లూనా' పాటతో దేశం నోట్లో ఆమె పేరు నానింది. 1960లో జీనో పావోలి రాసిన 'ఇల్ చేలో ఇన్ ఊనా స్తాంత్సా'ను పాడి, కేకలు పెట్టే కుర్రపిల్ల అనుకున్నవాళ్ల నోళ్లు మూయించింది. 1961లో జపాన్ పర్యటన. 1962లో జర్మన్ భాషలో పాడిన 'హైసర్ జాంట్' ఆ దేశంలో మొదటి స్థానం. 1965, 66 సంవత్సరాల్లో అంతోనెల్లో ఫల్కీ దర్శకత్వంలో 'స్తూదియో ఊనో' అనే శనివారం రాత్రి కార్యక్రమం. ఆ రోజుల్లో ఇటలీ ప్రభుత్వ ప్రసార సంస్థ రాయ్‌కి ఎదురు నిలిచే టీవీ లేదు. ఆ తెర మీద ఆమె ఒక్కతే నిలబడి, వెనక ఏ అట్టహాసమూ లేకుండా పాడుతుంటే దేశమంతా కూర్చుని చూసింది. ఇదంతా 1978కి పన్నెండేళ్ల ముందు సంగతి.

ఆ కాలపు పనిలో ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే, ఈ మనిషి పేరు నిలవడానికి అజ్ఞాతం కావాలా అన్న ప్రశ్నే నవ్వు తెప్పిస్తుంది. 1966లో ఎన్నియో మొరికోనే ఆమె కోసం 'సే తెలెఫొనాందో' కట్టాడు. సెర్జియో లియోనే కౌబాయ్ సినిమాలకు ఆయన సంగీతం ఇస్తున్న రోజులవి. సాహిత్యం రాసిన ఇద్దరిలో ఒకరు మౌరీత్సియో కొస్తాంత్సో, ఆ తర్వాత దేశంలోకెల్లా పేరున్న టీవీ వ్యాఖ్యాత. ఆ పాటలోని ప్రధాన స్వరమాలికలో స్వరాలు మూడే. వాటి వరస మారదు. తాళం మాత్రం నాలుగు దెబ్బలది. మూడు నాలుగులో ఇమడదు కాబట్టి, దెబ్బ పడే స్వరం ప్రతి ఆవృత్తికీ జరిగిపోతూ ఉంటుంది. చతురశ్రంలో తిశ్రం వేసే మృదంగ విద్వాంసుడికి ఈ లెక్క కొత్త కాదు గానీ, మూడు నిమిషాల సినిమా పాట లాంటి పాటలో దీన్ని పెట్టడం కొత్త. వినేవాడికి ఏదో ఒకటి ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది, ఎందుకో తెలియదు. పైగా పాట శ్రుతి మార్చుకుంటూ మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది, వెనక బృందగానం, బాకాలు చేరుతూ పోతాయి. ఆ హోరు మీద గొంతు తేలాలి, కానీ అరిచినట్టు ఉండకూడదు. మీనా తేలింది. అరవలేదు. ఇది గొంతు పని, ఊపిరి పని, లయ పని. దీనికీ లుగానో తలుపులకీ సంబంధం ఏమిటి?

సరిహద్దులు దాటి వెళ్లిన ప్రభావాన్ని చూసినా అదే తేలుతుంది. 1972లో ఆమె పాడిన 'గ్రాందే గ్రాందే గ్రాందే'ను ఇంగ్లీషులో పాడి షర్లీ బాసీ 1973లో బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్లింది. అదే 1972లో నటుడు అల్బెర్తో లూపోతో కలిసి చేసిన 'పరోలే పరోలే'ను ఫ్రెంచిలో దలీదా, అలెన్ దెలోన్ మరుసటి ఏడాదే పాడారు. ఫ్రాన్సులో అది వాళ్ల పాటే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1990లో మార్టిన్ స్కోర్సెసీ 'గుడ్‌ఫెల్లాస్' సినిమాలో వాడుకున్నది 1960 నాటి 'ఇల్ చేలో' రికార్డింగును. 1991లో పెద్రో అల్మొదోవార్ తన సినిమా కోసం 'ఉన్ ఆన్నో దమోరే'కు స్పానిష్ మాటలు రాసి లూస్ కసాల్ చేత పాడించాడు. అది మొదట ఫ్రెంచి పాటే అయినా, అల్మొదోవార్ చెవిలో ఉన్నది మీనా పాడిన తీరు. బాసీకి గానీ దలీదాకు గానీ 1973లో మీనా అజ్ఞాతం గురించి తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే అప్పటికి అది మొదలు కాలేదు.

ఇక రెండో అంతస్తు. ఇది ఎక్కువమంది నమ్మేది, ఎక్కువ చెడుపు చేసేది కూడా. మీనా జీవితంలో దెబ్బలు లేవని ఎవరూ అనరు. 1965లో తమ్ముడు అల్ఫ్రేదో కారు ప్రమాదంలో పోయాడు. 1970లో పెళ్లాడిన పాత్రికేయుడు విర్జీలియో క్రొక్కో మూడేళ్లకే రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఫోటోగ్రాఫర్లు గుమ్మం దగ్గర కాపు కాసేవారు. ఆమె ఒళ్లు పెరిగిందని వారపత్రికలు బొమ్మలతో సహా అచ్చేసేవి. వీటినన్నింటినీ కుప్పపోసి, అందుకే భయపడి దాక్కుంది అని తేల్చేశారు.

భయపడే మనిషే అయితే దాక్కోవాల్సిన సంవత్సరం 1963. ఆ ఏప్రిల్‌లో ఆమెకు కొడుకు మాసిమిలియానో పుట్టాడు. తండ్రి నటుడు కొర్రాదో పానీకి అప్పటికే పెళ్లయింది. భార్య నుంచి విడిగా ఉంటున్నా విడాకులకు దారి లేదు, ఎందుకంటే ఇటలీలో విడాకుల చట్టం వచ్చిందే 1970 చివర్లో. పెళ్లి కాని తల్లి తమ తెర మీద కనపడటానికి వీల్లేదని రాయ్ ఆమెను పక్కన పెట్టింది. ఇరవై మూడేళ్ల పిల్ల, కాథలిక్ దేశం, ఉన్న ఒక్క టీవీ సంస్థ తలుపు మూసేసింది. ఆమె బిడ్డను దాచలేదు, క్షమాపణ చెప్పలేదు, పాడటం ఆపలేదు. జనం రికార్డులు కొనడం ఆపలేదు. చివరికి దిగివచ్చింది టీవీయే. 1964లో ఆమె మళ్లీ తెర మీద ఉంది, ఆ తర్వాత ఏడాదే 'స్తూదియో ఊనో' ఆమె చేతికొచ్చింది. అంత గాలివానలో నిలబడ్డ మనిషి, పదిహేనేళ్ల తర్వాత నాలుగు ఫోటోలకు జడిసి పారిపోయిందంటే నమ్మడం కష్టం.

నిజానికి 1978ని ఒంటరిగా చూడటంలోనే తప్పంతా ఉంది. వరసగా చూస్తే బొమ్మ మారిపోతుంది. 1961లో సాన్‌రెమో పాటల పోటీలో రెండు పాటలు పాడింది. గెలుస్తుందని అందరూ అనుకున్నారు, గెలవలేదు. ఆ తర్వాత ఆ పోటీలో అడుగు పెట్టలేదు. ఇటలీలో పాటగాళ్లకు సాన్‌రెమో అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ నిర్ణయం బరువు ఊహించుకోవచ్చు. 1967లో తండ్రితో కలిసి లుగానోలో పీడీయూ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టుకుంది. పాటల ఎంపిక, అట్ట మీద బొమ్మ, విడుదల తేదీ అన్నీ తన చేతిలోకి వచ్చాయి. 1974లో 'మిల్లెలూచి' అనే షో తర్వాత టీవీ కార్యక్రమాలు నడపడం మానేసింది. 1978లో కచేరీలు మానేసింది. పోటీ, ఇతరుల కంపెనీ, టీవీ, వేదిక, ఒకటొకటిగా వదిలింది. ప్రతిసారీ వదిలింది ఇతరుల అదుపులో ఉన్నదాన్ని, ఉంచుకున్నది తన అదుపులో ఉన్నదాన్ని. 'మిల్లెలూచి' ముగింపు పాటకు 'నోన్ జోకో ప్యూ', అంటే ఇక ఆడను అని పేరు ఉంది కదా, అది ముందే చెప్పిన వీడ్కోలు అని లోతులు వెతికేవాళ్లు, ఏడేళ్ల ముందే రిజిస్టరైన కంపెనీ కాగితాలను చూడరు.

1964లో పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ కచేరీలు మానేసి రికార్డింగు గదికి వెళ్లాడు. 1966 ఆగస్టులో బీటిల్స్ పర్యటనలు ఆపేసి, మరుసటి ఏడాది 'సార్జెంట్ పెప్పర్' ఇచ్చారు. వాళ్లు మాయమయ్యారని ఏ సంగీత చరిత్రా రాయదు. స్టూడియోను వాయిద్యంగా మార్చుకున్నారని రాస్తుంది. అదే పని క్రెమోనా నుంచి వచ్చిన ఆడమనిషి చేస్తే మాత్రం గుండె పగిలిందనో, లావెక్కిందనో, మతి చెడిందనో కారణాలు వెతుకుతారు. వీధి అరుగు మీద పని చేసే కంసాలి కొలిమిని ఇంటి లోపలికి మార్చుకుంటే ఊరొదిలి పారిపోయాడన్నట్టుంది ఈ వరస.

మరి కొలిమి ఆరిందా? మూడో అంతస్తుకు జవాబు ఇక్కడ ఉంది. 1979లో 'అత్తీలా', 80లో 'కీరియే', 81లో 'సలోమే', 82లో 'ఇతలియానా', అలా 1995లో 'పాప్పా ది లాత్తే' దాకా ఏడాది తప్పకుండా కొత్త ఆల్బమ్ వచ్చింది. వాటిలో చాలా మటుకు జంట ఆల్బములు. ఒక డిస్కులో ఇతరుల పాత పాటలకు కొత్త రూపం, రెండోదానిలో కొత్త పాటలు. కచేరీల కోసం ఊళ్లు తిరిగే గాయకులెవరికీ ఇంత పంట సాధ్యం కాదు. 1984లో 'రోజే సు రోజే', 1985లో రిక్కార్దో కొచాంతేతో 'క్వెస్త్యోనే ది ఫీలింగ్' దేశమంతా మోగాయి. 1997లో 'లెజ్జేరా' ఆల్బమ్ కోసం మిలాన్ రాక్ బృందం ఆఫ్టర్‌అవర్స్ పాటను తీసుకుంది. ఆ బృందం పేరు అప్పటికి ఇటలీలో చాలామందికి తెలియదు. 1998లో అద్రియానో చెలెంతానోతో చేసిన ఆల్బమ్ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 2000లో 'దల్లా తెర్రా'లో లాటిన్ భక్తి గీతాలు, 2009లో 'సుల్లా తూవా బొక్కా లో దిరో'లో ఒపేరా, 2012లో అమెరికన్ పాత పాటలు. 2016లో చెలెంతానోతో మళ్లీ కలిసి చేసిన 'లే మిల్యోరి' ఆ ఏడాది ఇటలీలో అన్నింటికన్నా ఎక్కువ అమ్ముడైంది. జ్ఞాపకాన్ని అమ్ముకుని బతికే మనిషి భక్తి గీతాల నుంచి రాక్ దాకా ఇన్ని దిక్కులకు పోదు, తన హిట్ పాటల సంకలనాలు వేసుకుంటూ కూర్చుంటుంది.

ఇక పీడీయూ. ఆ కంపెనీ మీనా రికార్డులకే పరిమితం కాలేదు. 1970లలో జర్మనీ నుంచి వస్తున్న కొత్త ఎలక్ట్రానిక్ సంగీతాన్ని, టాంజరిన్ డ్రీమ్ లాంటి బృందాలను, ఇటలీ దుకాణాల్లోకి తెచ్చింది అదే. ఆమెను విరహిణిగా, విరాగిణిగా చూపించే వ్యాసాల్లో ఈ ముచ్చట దొరకదు. తర్వాతి ఆల్బములకు సంగీత నిర్వాహకుడు ఎవరో కాదు, 1963లో దేశాన్ని కుదిపేసిన ఆ బిడ్డే, మాసిమిలియానో పానీ. తల్లి పాడితే కొడుకు రికార్డింగు నడిపించే కుటుంబ కార్ఖానా అది.

కనపడకపోవడం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అదీ పూర్తిగా నిజం కాదు. ఆల్బమ్ అట్టలు చూడండి. 1981 'సలోమే' మీద మీనాకు నిండైన గడ్డం ఉంటుంది. 1987 'రానే సుప్రేమే' మీద ఆమె తల ఒక కండల వీరుడి ఒంటి మీద అతికి ఉంటుంది. ఫోటోలు మౌరో బల్లెత్తివి. ఒంటి గురించి గుసగుసలాడే పత్రికలకు ఇంతకన్నా ఘాటైన సమాధానం ఏముంటుంది? మీకు కావలసిన ముఖం ఇదిగో, నేను పెట్టిన రూపంలో తీసుకోండి అన్నట్టు. దాక్కునే మనిషి తన ముఖాన్ని ప్రతి రికార్డు దుకాణం కిటికీలో వేలాడదీయదు.

2001లో స్టూడియోలో పాడుతుండగా తీసిన దృశ్యాలను ఇంటర్నెట్లో ఉంచితే లక్షల మంది చూశారు. యూట్యూబ్ అప్పటికి పుట్టలేదు. 2009లో సాన్‌రెమో ఉత్సవం మొదలైందే ఆమె పాడిన ఒపేరా గీతం వీడియోతో. 2018లో అదే ఉత్సవ సమయంలో ఒక టెలికాం కంపెనీ ప్రకటనలో హోలోగ్రాం రూపంలో కనిపించింది. ఇవి చాలవన్నట్టు, 'లా స్తాంపా' దినపత్రికలో ఏళ్ల తరబడి కాలమ్ రాసింది. ఒక వారపత్రికలో పాఠకుల ఉత్తరాలకు జవాబులు ఇచ్చింది. సంగీతం, రాజకీయం, పిల్లల పెంపకం, దేన్నీ వదల్లేదు. వారం వారం ఇంత మాట్లాడిన మనిషిని మౌనమూర్తి అనడానికి కొంచెం ధైర్యం కావాలి.

అజ్ఞాతం ఏ ఫలితమూ ఇవ్వలేదని అనడం మళ్లీ అతిశయోక్తే అవుతుంది. తెర మీద ముదిమి కనపడలేదు గనుక ఇటలీ వాళ్ల కళ్లలో ఆమె 1974 నాటి నలుపు-తెలుపు రూపంతోనే ఉండిపోయింది. అరుదైనదానికి ధర ఎక్కువ. ఏ విలేఖరి కెమెరాకైనా ఆమె నీడ దొరికితే అది పతాక శీర్షిక. ఇవన్నీ ఆమె వ్యాపారానికి చేటు చేయలేదు. కానీ కీర్తికి కొంత మెరుగు పెట్టడం వేరు, కీర్తిని పుట్టించడం వేరు. ఈ తేడా తేల్చుకోవడానికి ఇటలీ చరిత్రే రెండు పరీక్షలు పెట్టింది.

మొదటి పరీక్ష లూచో బత్తిస్తి. 1972 ఏప్రిల్‌లో 'తెయాత్రో 10' అనే టీవీ కార్యక్రమంలో మీనాతో కలిసి అతను పాడిన పాటల కలబోత ఇటలీ టీవీ చరిత్రలో ఎక్కువ మంది తలుచుకునే ఘట్టాల్లో ఒకటి. అతనూ 1970ల చివరికి కెమెరాలకు, ఇంటర్వ్యూలకు పూర్తిగా దూరమయ్యాడు, 1998లో చనిపోయేదాకా బయటికి రాలేదు. అజ్ఞాతానికే మహిమ ఉంటే అతని ఆఖరి ఆల్బములు అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోవాలి. 1986 నుంచి 1994 దాకా కవి పాస్క్వాలే పనెల్లాతో చేసిన అయిదు ఆల్బములు సంగీతజ్ఞుల మెప్పు పొందినా, కొనేవాళ్లు ఒక్కోదానికీ తగ్గుతూ వచ్చారు. జనం ఇప్పటికీ పాడుకునేది 1970లలో అతను గీత రచయిత మోగోల్‌తో కలిసి కట్టిన పాటలనే. మౌనం ఒక్కటే అతన్ని గెలిపించలేదు.

రెండో పరీక్ష రఫ్ఫాయెల్లా కర్రా. 1974లో 'మిల్లెలూచి' ఎనిమిది భాగాలనూ మీనాతో కలిసి నడిపింది ఆమే. ఇద్దరి వయసులోనూ తేడా మూడేళ్లే. మీనా తెర దిగింది, కర్రా తెర దిగలేదు. స్పెయిన్, లాటిన్ అమెరికా దేశాల్లో దుమ్ము రేపింది, 1983 నుంచి మధ్యాహ్నం పూట టీవీలో ఫోన్‌లో జనంతో కబుర్లు చెప్పింది, 1995లో 'కర్రాంబా' కార్యక్రమంతో మళ్లీ ఇంటింటికీ వచ్చింది. 2021 జూలైలో ఆమె చనిపోతే ఇటలీతో పాటు స్పెయిన్ కూడా ఏడ్చింది. మాద్రిద్‌లో ఒక కూడలికి ఆమె పేరు పెట్టారు. నలభై ఏళ్లు ఎదురుగా కూర్చుని అంత పేరు నిలబెట్టుకోగలిగినప్పుడు, కనపడకపోతేనే దేవత అవుతారన్న సూత్రం ఎక్కడ నిలుస్తుంది? ఒకరు దాగి గెలవలేదు, ఒకరు కనపడి ఓడలేదు. అంటే కీర్తి మూలం వేరే చోట ఉందన్నమాట.

ఈ కట్టుకథను ఇంత పట్టుదలగా ఖండించాల్సిన అవసరం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అభిమానుల ముచ్చటే కదా, పోనీ అనుకోవచ్చు. కానీ ఈ కథ ఖరీదు మీనా చేసిన పని. 1978 దగ్గర కర్టెన్ వేసేస్తే, ఆ తర్వాతి నలభై ఆల్బముల దాకా వినకుండానే పక్కకు పోతాయి. కంపెనీ పెట్టిన వ్యాపారి, బాణీలు ఏరుకున్న నిర్మాత, కొత్త రచయితలకు తలుపు తెరిచిన పెద్దదిక్కు, పత్రికలో వాదనకు దిగిన కాలమిస్టు, ఇంతమందినీ చెరిపేసి వాళ్ల స్థానంలో కిటికీ దగ్గర కూర్చున్న దుఃఖితను పెడుతుంది ఆ కథ. నిర్ణయాన్ని గాయంగా చూపించడం ఆడవాళ్ల విషయంలో పాత అలవాటే. మీనా విషయంలో అది నలభై ఏళ్లుగా సాగుతోంది, ఎక్కువ సార్లు పొగడ్త వేషంలో.

2023లో ఆమె 'తి ఆమో కోమె ఉన్ పాత్సో' ఆల్బమ్ విడుదల చేసింది. అందులో 'ఉన్ బ్రీచోలో ది అల్లెగ్రియా'ను ఆమెతో కలిసి పాడింది బ్లాంకో, 2003లో పుట్టిన కుర్రాడు. ఆమెకు అప్పుడు 83 ఏళ్లు. ఆ పాట నెలల తరబడి చార్టుల్లో ఉంది. దాన్ని ఫోన్లలో విన్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులకు కూడా 1978 నాటి కచేరీ జ్ఞాపకం ఉండే వయసు లేదు. మరుసటి ఏడాది 'గాస్సా దమాంతే' పేరుతో మరో ఆల్బమ్ వచ్చింది. ఈసారి ఆమె పుట్టినరోజైన మార్చి 25న నలుపు-తెలుపు ఫోటో వేసుకునే సంపాదకులు, దాని పక్కన ఈ రెండింటి సమీక్ష కూడా వేస్తే, మీనా ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు వాళ్ల పేజీలోనే జవాబు దొరుకుతుంది.